పుణ్యగిరి దిగువన రెండు ముక్కల ఈల, నీలం మెరుపు: పొన్నంకి పిట్టేనా?

గోస్తనీ ఒడ్డు:

అందరికీ నమస్కారం. విజయనగరం జిల్లా ఎస్.కోట దగ్గర పుణ్యగిరి కొండ దిగువ అడవిలో ఒక పిట్ట ఏదో తేల్చుకోలేకపోతున్నాను. విన్నదీ చూసిందీ ఒకే పిట్టవో కాదో తెలీదు, అందుకే విడివిడిగా రాస్తున్నాను.

విన్నది: జూన్ రెండో వారం. ముందు రాత్రి వాన పడింది. తెల్లారగట్ల 4.55 నుంచి 5.30 దాకా, మళ్లీ సాయంత్రం 6.15 తర్వాత. గట్టి ఈల, రెండే ముక్కలు, "వీఈట్‌-ట్యూ" అన్నట్టు. ఒకసారి వేసి ఆగుతుంది, కాసేపటికి మళ్లీ. గెడ్డకి (కొండవాగుకి) ఇవతల ఒకటి వేస్తే అవతల నుంచి ఇంకోటి బదులిస్తోంది. పొద్దెక్కాక పూర్తిగా నిశ్శబ్దం.

చూసింది: ఉదయం 6.20కి గెడ్డ పక్కన వెదురు పొద కింద, నేల మీంచి లేచింది. గోరింక కంటే చిన్నది, గుండ్రంగా ఉంది. రెక్కలో నీలం మెరుపు, ఒక తెల్ల మచ్చ. పదిహేను అడుగులు కూడా ఎగరకుండా తుప్పల్లో దూరిపోయింది. మొత్తం రెండు సెకన్లు. ముక్కు చూళ్లేదు, తోక గుర్తులేదు. కడుపు కింద ఎరుపు ఉందనిపించింది గానీ గట్టిగా చెప్పలేను.

ఫోన్లో 40 సెకన్ల రికార్డింగ్ ఉంది, గెడ్డ హోరు ఎక్కువ. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఒకసారి ఇండియన్ పిట్టా అని చూపించింది, అదే రికార్డింగ్ మళ్లీ వినిపిస్తే ఏమీ చూపించలేదు.

అడుగుతున్నది మూడు సంగతులు. దీన్ని ఖాయం చేసుకోవడానికి ఏ గుర్తులు చూడాలి? మళ్లీ కనబడాలంటే ఎక్కడ, ఎలా కూర్చోవాలి? ఫోన్లో దాని కూత వినిపించి బయటికి రప్పించవచ్చా?

ఎర్రమట్టి దారి:

విన్నది నూటికి తొంభై పాళ్లు పొన్నంకి పిట్టే. ఇంగ్లిషు వాళ్లు ఇండియన్ పిట్టా అనేది దాన్నే. నెల, వేళ, రాత్రి వాన, రెండు ముక్కల ఈల, పొద్దెక్కగానే మౌనం, ఇవన్నీ దానికే అతుకుతాయి. చూసింది కూడా అదే అయి ఉండొచ్చు, కానీ మీరు రాసిన వివరం మీద నేనైతే ముద్ర వెయ్యను.

ఒక మాట ముందు చెప్పాలి. ఈ పిట్ట బొమ్మ చూసిన ప్రతివాళ్లూ తొమ్మిది రంగులు కనబడతాయని వెళ్తారు. హిందీలో దాని పేరే నవరంగ్. అడవి నేల మీద, ఉదయం ఆరింటి నీడలో ఆ రంగులేవీ కనబడవు. వీపు పచ్చదనం ఆకుల్లో కలిసిపోతుంది, రొమ్ము గోధుమరంగు ఎండుటాకుల్లో కలిసిపోతుంది. కనబడేవి మూడే: ఆకారం, తల మీద నల్లచారలు, గొంతు తెలుపు. రంగుల కోసం వెతికితే పిట్ట ఎదురుగా ఉన్నా కన్ను దాటిపోతుంది.

ఆకారం ఇలా ఉంటుంది. కొలత ముక్కు నుంచి తోక దాకా 19 సెంటీమీటర్లు, అందులో తోక నామమాత్రం. బొద్దు ఒళ్లు, పొడుగు కాళ్లు, నిటారుగా నిలబడే తీరు. తోక కత్తిరించేసిన బొమ్మలా ఉంటుంది. మీరు తోక గుర్తులేదన్నారు చూడండి, నా లెక్కలో అది కూడా ఒక ఆధారమే. అంత దగ్గర్లో లేచిన పిట్టకి పొడుగు తోక ఉంటే, ఇంకేది గుర్తులేకపోయినా అది గుర్తుండేది.

తల: నడినెత్తిన ముక్కు నుంచి మెడ దాకా నల్లగీత. దానికి రెండు పక్కలా గోధుమరంగు పట్టీలు. కంటి మీదుగా వెడల్పైన నల్లపట్టీ, గంత కట్టినట్టు. కంటి కింద, గొంతు దగ్గర తెలుపు. ఆ నల్లపట్టీ, కింద తెల్లగొంతు, ఈ రెండూ కలిపి ఒక్క క్షణం కనబడినా చాలు. మన కొండల్లో ఇలాంటి తల ఉన్న నేలపిట్ట ఇంకోటి లేదు.

ఒళ్లు: వీపు ముదురు పచ్చ, భుజం మీద మెరిసే లేతనీలం, నడుము మీద కూడా నీలం. రొమ్ము గోధుమరంగు. పొట్ట దిగువ నుంచి తోక కింద దాకా ఎరుపు. కాళ్లు లేత గులాబీ. ఆడ, మగ ఒకేలా ఉంటాయి, కాబట్టి జంటలో ఏది ఏదో రంగును బట్టి చెప్పే ప్రయత్నం వద్దు. పిల్లలకి రంగులు మసకగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో వెలిసిపోయినట్టున్నది కనబడితే వేరే జాతి అనుకోకండి.

చంపావతి:

ఎర్రమట్టి దారి గారు చెప్పిన తల గుర్తు సరైనదే. అయితే అడిగినవారు తల చూళ్లేదు కదా. నీలం, తెల్ల మచ్చ, నేల మీంచి లేవడం మాత్రమే చేతిలో ఉంటే, ముందు కొట్టెయ్యాల్సినవి మూడున్నాయి.

మొదటిది లకుముకి, తెల్లగొంతుది. ఎక్కువ పొరపాట్లు దీని దగ్గరే జరుగుతాయి. అది నీటి దగ్గరే ఉంటుందనుకుంటారు, కానీ నీళ్లు లేని అడవి దారుల్లోనూ మిడతలు, తొండలు పట్టుకు తింటుంది. పట్టడానికి నేల మీదకి దూకి మళ్లీ లేస్తుంది, సరిగ్గా ఆ క్షణంలో చూస్తే నేలపిట్టలా అనిపిస్తుంది. దాని రెక్క విప్పినా నల్ల కొసల్లో తెల్ల మచ్చ కనబడుతుంది, పిట్టాకీ అంతే. తేడా ఎక్కడంటే, లకుముకికి వీపూ తోకా కూడా నీలమే, తోక బాగా కనబడేంత ఉంటుంది. తల చాక్లెట్ రంగు, ఎర్రటి పెద్ద ముక్కు. కొలత 27, 28 సెంటీమీటర్లు. లేచాక తుప్పల్లో దూరదు. తెరిపిగా ఉన్న కొమ్మ మీదకో తీగ మీదకో పోతుంది, పోతూ కిలకిలమని సాగదీసి అరుస్తుంది. మీ పిట్ట పదిహేను అడుగుల్లోపే తుప్పల్లో దిగింది, అరవలేదు. లకుముకి కాకపోవడానికి అదే గట్టి కారణం.

రెండోది పచ్చరెక్కల గువ్వ, ఎమరాల్డ్ డవ్ అంటారు. వెదురు కింద, గెడ్డ పక్కన, నీడలో నడిచే పిట్టల్లో ముందు అనుమానించాల్సింది దీన్నే. వెలుగు పడితే పచ్చ రెక్క నీలంలా కూడా మెరుస్తుంది. కానీ లేచేటప్పుడు రెక్కల చప్పుడు గట్టిగా వస్తుంది, చెట్ల మధ్య నుంచి బాణంలా దూరం పోతుంది. నడుము మీద రెండు లేతపట్టీలు అడ్డంగా కనబడతాయి. రెక్కలో తెల్లటి గుండ్రని మచ్చ ఉండదు.

మూడోది నారింజ తల త్రష్. ఎండుటాకులు ఎగదోసి మేసే తీరు అచ్చం పిట్టా లాగే ఉంటుంది, అదే గెడ్డ పక్కన ఉంటుంది కూడా. తల, రొమ్ము నారింజ, వీపు నీలం కలిసిన బూడిదరంగు, తెల్లటి బుగ్గ మీద రెండు నిలువు గీతలు. దానికి మెరిసే నీలం ఎక్కడా లేదు, తోక మామూలు పొడుగే. కాబట్టి మీ వివరానికి నప్పదు. అయినా మళ్లీ వెళ్లినప్పుడు ఆకుల చప్పుడు విని తొందరపడకుండా ఉండటానికి చెబుతున్నాను.

పాలపిట్ట ఎవరైనా అంటే పట్టించుకోకండి. అది తెరిపి పొలాల పిట్ట, పొద కింద మెయ్యదు.

నా అంచనా కూడా పొన్నంకి పిట్టే. నోట్సులో మాత్రం "విన్నది ఖాయం, చూసింది అనుమానం" అని రెండు వాక్యాలుగా రాసుకోండి. విన్నదాని నమ్మకంతో చూసినదాన్ని పూరించడం మొదలుపెడితే, నెల తిరిగేసరికి చూడని నల్లపట్టీ కూడా చూసినట్టే గుర్తుంటుంది.

వంశధార గట్టు:

కూత సంగతి నేను చెబుతాను.

పొన్నంకి పిట్ట ఈలలో మొదటి ముక్క పైకి సాగుతుంది, రెండోది కిందికి జారి తెగిపోతుంది. కొన్నిసార్లు ముందు చిన్న పొల్లు చేరి మూడు ముక్కల్లా వినబడుతుంది, అంతమాత్రాన వేరే పిట్ట కాదు. ఒకటి వేస్తే చుట్టుపక్కల ఉన్నవి అందుకుంటాయి. తెల్లారి సంధ్యలో, పొద్దుగూకే సంధ్యలో మాత్రమే జోరు. అరవంలో దీని పేరుకి ఆరుగంటల పిట్ట అని అర్థం. మబ్బు పట్టి చీకటిగా ఉన్న రోజున, వాన వెలిసిన వెంటనే, పగలు కూడా కుయ్యవచ్చు.

ఈల వినగానే పొరబడే అవకాశం ఉన్నవి:

పఫ్‌-థ్రోటెడ్ బాబ్లర్. గోధుమరంగు చిన్న పిట్ట, రొమ్ము మీద చారలు, నెత్తి ఇటుకరంగు. ఇదీ తుప్పల అడుగునే ఉంటుంది, ఇదీ ఈలే వేస్తుంది. కానీ మూడు నాలుగు ముక్కల ఈల, అదే వరస పదేపదే, పగలంతా. పిట్టా ఈల కంటే సన్నగా ఉంటుంది.

అబ్బాట్స్ బాబ్లర్. దీన్ని మరిచిపోతారు. దీని అసలు నివాసం ఈశాన్య భారతం, ఆ పైన ఆగ్నేయాసియా. అంత దూరంగా మన విశాఖ కొండల్లో ఒక తునక మిగిలింది. ఆ ఉపజాతికి 1985లో విశాఖపట్నం పక్షిశాస్త్రజ్ఞుడు కృష్ణరాజు గారి పేరు పెట్టారు. దానిదీ మూడు నాలుగు ముక్కల ఈలే, నీడ తుప్పల్లోంచే. రెండే ముక్కలుగా తెగితే అది కాదు.

రాకెట్ తోక డ్రోంగో. తోక కొసన రెండు తీగలకి ఆకులు కట్టినట్టుండే పెద్ద పోలిగాడు. ఇది అన్నిటికంటే చిక్కు, ఎందుకంటే వేరే పిట్టల కూతలు ఎత్తుకుంటుంది. పిట్టా ఈల కూడా అచ్చుగుద్దినట్టు వెయ్యగలదు. దొరికిపోయేది ఓపిక పడితేనే: రెండు నిమిషాల్లోపు ఇంకో పిట్ట కూతలోకో, తన సొంత లోహపు ఖంగు కూతలోకో మారిపోతుంది. పొన్నంకి పిట్ట మాత్రం అరగంట సేపూ అదే ఒక్క మాట అంటుంది. పైగా డ్రోంగో కూత పై కొమ్మల్లోంచి వస్తుంది, కూస్తూ చోటు మారుతుంది.

కాబట్టి గెడ్డ అవతల నుంచి బదులు పలికింది కూడా పిట్టానే అని రాసేముందు దాన్ని విడిగా అయిదు నిమిషాలు వినండి.

రికార్డింగ్: గెడ్డ హోరు సమస్య ఫోన్‌ది కాదు, మీరు నిలబడ్డ చోటుది. ముప్పై నలభై గజాలు పైకి జరిగి, ఒక పెద్ద మానుని గెడ్డకీ మీకూ మధ్య పెట్టుకోండి. ఫోన్ మైకు కింది అంచున ఉంటుంది, ఆ అంచుని కూత వైపు తిప్పండి. ఫోన్ చేతిలో కదలకుండా కొమ్మకో రాతికో ఆనించండి, వేళ్ల రాపిడి ఈల కంటే గట్టిగా పడుతుంది. కనీసం రెండు నిమిషాలు తియ్యండి. డ్రోంగో అయితే ఆ రెండు నిమిషాల్లో బయటపడుతుంది. చివర్లో మీ గొంతుతో తేదీ, వేళ, చోటు చెప్పండి. వాట్సాప్‌లో పంపితే శబ్దం కుదించుకుపోతుంది, అసలు ఫైలు దాచుకోండి.

మెర్లిన్ ఒకే రికార్డింగ్‌కి రెండు జవాబులు ఇచ్చిందన్నారు. అది శబ్దాన్ని బొమ్మగా మార్చి పోల్చుకుంటుంది. హోరు ఎక్కువైతే ఈల గీత అందులో మునిగిపోతుంది. స్పీకర్లో వాయించి ఇంకో ఫోన్‌కి వినిపిస్తే గది ప్రతిధ్వని కూడా చేరుతుంది. అసలు ఫైలునే యాప్‌లోకి ఎక్కించండి. అడవికి వెళ్లేముందు ఇంట్లోనే మన ప్రాంతం ప్యాక్ దించుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. దాని జవాబు మీరు ఎటు చూడాలో చెప్పడానికి పనికొస్తుంది. రుజువుగా పెట్టుకోకండి.

పొగమంచు:

కూత వినిపించడం గురించి ఎవరూ చెప్పలేదు. తక్కువ శబ్దంతో ఒకటి రెండుసార్లు వినిపిస్తే వెంటనే కొమ్మ మీదకి వస్తుంది. ఫొటో తీసుకుని ఆపెయ్యొచ్చు. నష్టమేముంది?

చంపావతి:

జూన్ కాబట్టి వద్దంటున్నాను, పొగమంచు గారూ. జూన్ నుంచి ఆగస్టు దాకా వీటి గూళ్ల కాలం. గూడు ఎండుటాకులు, గడ్డి, పుల్లలతో కట్టిన పెద్ద ఉండలా ఉంటుంది, పక్కన గుండ్రటి ద్వారం. నేల మీదో, తక్కువ ఎత్తు కొమ్మల పంగలోనో పెడుతుంది. నాలుగైదు తెల్ల గుడ్లు, వాటి మీద ఊదారంగు చుక్కలు. ఫోన్ కూత వినగానే అది తన హద్దులోకి ఇంకోటి వచ్చిందనుకుని మేత మానేసి, గూడు విడిచి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆ ఉండ కాపలా లేకుండా ఉంటుంది. పుణ్యగిరి లాంటి నలుగురూ వెళ్లే చోట "ఒకటి రెండుసార్లు" అని ఒక్కొక్కరూ అనుకుంటే ఆదివారం ఉదయం ఇరవైసార్లు అవుతుంది.

ఇంకో కారణం గుర్తింపుకే సంబంధించింది. మీరు కూత వినిపించాక వచ్చిన జవాబు పిట్టాదా, డ్రోంగోదా, పక్క మలుపులో ఇంకెవరో వినిపిస్తున్న ఫోన్‌దా అన్నది తేలదు.

కావాల్సింది చూడటమే అయితే వినిపించాల్సిన పనే లేదు. అది తనంతట తానే రోజుకి రెండుసార్లు తన చోటు చెబుతోంది.

గోస్తనీ ఒడ్డు:

అందరికీ ధన్యవాదాలు. ఫోన్ కూత వినిపించను. నా దగ్గరున్నది 10×50 బైనాక్యులర్, అందులో నీడలో దేన్నీ పట్టుకోలేకపోతున్నాను. 8×42 కొంటే తేడా ఉంటుందా? ఎక్కడ కూర్చోవాలన్నది కూడా ఎవరైనా చెప్పండి.

సాలూరు ఘాటీ:

తమ్ముడూ, వెలుగు సంగతిలో ఆ రెండిటికీ పెద్ద తేడా లేదు. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తాదో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 50ని 10తో భాగిస్తే 5, 42ని 8తో భాగిస్తే 5.25. కంట్లో పడే వెలుగు కిరణం వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. తేడా వచ్చేది వేరే మూడింట్లో. పది రెట్లలో చెయ్యి వణుకు ఎక్కువ కనబడుతుంది. కనబడే వలయం ఇరుకు, అందుకే తుప్పల్లో పిట్ట ఉన్న చోటు దొరకదు. చాలా 10×50లు అయిదారు మీటర్ల లోపు ఫోకస్ అవ్వవు, ఈ పిట్టేమో ఒక్కోసారి నాలుగు మీటర్ల దగ్గరికి వచ్చేస్తాది. కొనేముందు ఉన్నదానితోనే ఒక పని చెయ్యి: కూర్చున్న చోటి నుంచి పిట్ట రావచ్చనుకునే దూరానికి ముందే ఫోకస్ పెట్టి ఉంచు. పిట్ట కనబడ్డాక కళ్లు దాని మీంచి తియ్యకుండా బైనాక్యులర్ని కళ్ల దగ్గరికి తే, కిందికి చూసి మళ్లీ వెతక్కు.

ఇక చోటు. మొదటి రోజు చూడటానికి వెళ్లొద్దు, వినడానికే వెళ్లు. ఇంకొకర్ని తోడు తీసుకుని ఇరవై ముప్పై అడుగుల ఎడంగా నిలబడండి. కూత వినబడగానే ఇద్దరూ చెయ్యి అటు చాపి, ఆ దిక్కున ఉన్న ఒక మానుని గుర్తుపెట్టుకోండి. రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో అక్కడ పిట్ట. ఒక్కడివే అయితే ఒక కూతకి ఒకచోట, తర్వాతి కూతకి ఇరవై అడుగుల పక్కన నిలబడి అదే పని చెయ్యి. ఇలా మూడు నాలుగు కూతలు పట్టుకుంటే, అది ఏ చెట్టు ఎక్కి కూస్తోందో తెలిసిపోతాది. చాలామంది ఇక్కడే తప్పుతారు: నేలపిట్ట అన్నారని నేల మీదే వెతుకుతారు. మేసేది నేల మీద, కూసేది మాత్రం కొమ్మ మీద. తల వెనక్కి విరిచి, ముక్కు ఆకాశానికి ఎత్తి కూస్తాది. ఆ భంగిమలో తెల్లగొంతు కింద నుంచి బాగా కనబడుతాది.

కూత చెట్టు ఉన్న చోటే మర్నాడు కూడా కూస్తాది గనక, రెండో రోజు వెలుగు రాకముందే అక్కడికి చేరి ఇరవై అయిదు ముప్పై గజాల దూరంలో కూర్చో. సూర్యుడు వచ్చే దిక్కు వీపు వెనక ఉండాలి. వీపు ఒక మానుకి ఆనించు, అప్పుడు మనిషి ఆకారం విడిగా తెలీదు. తెల్లచొక్కా వద్దు. ఎదురుగా తేమగా, ఎండుటాకులు మందంగా పరుచుకుని, అక్కడక్కడా నేల తేలిన చోటు ఉండాలి. వెదురు కింద, అడ్డతీగలు అల్లుకున్న గెడ్డ ఒడ్డున ఇలాంటి చోట్లు దొరుకుతాయి. లాంటానా కమ్మేసిన చోట కూర్చోకు. పిట్ట ఉన్నా కనబడదు.

కూత ఆగాక అసలు పని మొదలవుతాది. అప్పుడు అది కిందికి దిగి మేస్తాది. చెవి ఆకుల మీద పెట్టు. గుంపుగా తిరిగే అడవి బాబ్లర్లు అయితే నాలుగైదు చోట్ల ఒకేసారి చప్పుడు, పైగా అరుచుకుంటాయి. తొండ, నలికిరి అయితే బరబరా ఒక్కటే సాగే చప్పుడు. పిట్టాది రెండు మూడు గెంతులు, ఆగు, ఒక ఆకు తిరగెయ్యి, మళ్లీ ఆగు. ఆగినప్పుడు పొట్టి తోక మెల్లగా ఆడిస్తాది. చూపు తుప్పల మీద కాదు, తుప్పల అడుగున మడమ ఎత్తులో పెట్టు. కదిలినదాన్ని వెంబడించకు. ఒక అడుగు వేస్తే అది పది అడుగులు లోపలికి పోతాది. అరగంట కదలకుండా ఉంటే అదే తిరిగి వస్తాది.

ఇక జాగ్రత్తలు. ఇవి తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే పిట్టా వేళ, ఎలుగు వేళ ఒకటే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో, మందస, పలాస మెట్టల్లో ఎలుగుల తిరుగుడు ఎక్కువ. ఆ పక్క పూర్తిగా తెల్లారకుండా తోటల్లో అడుగుపెట్టొద్దు, పిట్ట కోసమైనా సరే. నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడవండి, మౌనం కూర్చున్నాకే. సీతంపేట, పార్వతీపురం వైపు ఏనుగులు ఎక్కడున్నాయో ముందు ఊళ్లో అడగాలి. రిజర్వు ఫారెస్టు అయితే రేంజి ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. అడిగితే వాచర్ని తోడు పంపే అవకాశం కూడా ఉంటాది.

ఎండుటాకుల మీద నేరుగా కూర్చోవద్దు. స్క్రబ్ టైఫస్ తెచ్చే సన్న నల్లి తుప్పల్లో, గడ్డిలో ఉంటాది, కంటికి ఆనదు. ప్యాంటు మేజోళ్లలోకి దోపి, దోమల మందు మేజోళ్లకీ కాళ్లకీ రాసుకుని, ప్లాస్టిక్ పట్టా మీదో చిన్న స్టూలు మీదో కూర్చో. ఇంటికి రాగానే బట్టలు వేణ్ణీళ్లలో వేసి, సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చెయ్యి. వారం, పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి వస్తే, చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర కాలినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూసుకుని, అడవికి వెళ్లిన సంగతి డాక్టరుకి నువ్వే చెప్పాలి. తొందరగా గుర్తిస్తే మామూలు మందుతో తగ్గిపోయే జబ్బే.

ఎర్రమట్టి దారి:

సాలూరు ఘాటీ మాస్టారు చెప్పినదానికి కాలం లెక్క కలుపుతాను. మన వైపు కూత మే చివరి వానలతో మొదలై జూన్, జులైల్లో జోరుగా ఉంటుంది. ఆగస్టుకి తగ్గిపోతుంది, పిట్ట అక్కడే ఉన్నా వినబడదు. శీతాకాలానికి ఇవి దక్షిణానికి, శ్రీలంక దాకా పోతాయి. అక్టోబరు, నవంబరుల్లో పోతూ, ఏప్రిల్, మేల్లో తిరిగి వస్తూ, మధ్యలో ఎక్కడైనా దిగుతాయి. ప్రయాణం రాత్రిపూట. అందుకే ఆ నెలల్లో అడవికి సంబంధం లేని చోట, ఇంటి పెరట్లో, కొబ్బరితోటలో, ఒక్కోసారి నడిట్లో కూడా అలిసిపోయి కనబడుతుంది.

అలా దొరికితే గాలికి చిల్లులున్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, అందులో ఉంచి మూత పెట్టి, చీకటిగా, చప్పుడు లేని చోట గంట, రెండు గంటలు వదిలెయ్యండి. నోట్లో నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం మెతుకులు పెట్టొద్దు, దాని తిండి పురుగులు. తేరుకుంటే పగటి వెలుగు ఉండగానే దగ్గర్లోని నీడ చెట్ల కింద పెట్టె మూత తియ్యండి. రెక్క వేలాడుతున్నా, నిలబడలేకపోయినా అటవీశాఖకి అప్పగించాలి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పిట్ట, ఇంట్లో ఉంచుకోకూడదు.

శ్రీకాకుళం వాళ్లు తేలినీలాపురం, తేలుకుంచి వెళ్లి దీనికోసం అడుగుతుంటారు. అవి పెలికాన్లు, కొంగల చోట్లు. దీనికి కావాల్సింది చెరువు కాదు, ఆకు మందంగా పడే నీడ.

పేరు సంగతి ఒక్క మాట, మన భాష వాళ్లం గనక. 1766లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీన్ని కాకుల్లో చేర్చి, పొట్టితోక అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1816లో ఫ్రెంచి పక్షిశాస్త్రజ్ఞుడు వీయో దీనికి వేరే ప్రజాతి కట్టి, దానికి "పిట్ట" అని మన తెలుగు మాటే పెట్టాడు. ఆఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న వీటి చుట్టాలన్నిటినీ ఇవాళ ప్రపంచమంతా ఆ మాటతోనే పిలుస్తోంది.

గోస్తనీ ఒడ్డు:

మీరు చెప్పినట్టే చేశాను, ఫలితం రాస్తున్నాను. మొదటి రోజు నాలుగు కూతలకి దిక్కు పట్టుకుంటే, గెడ్డకి ఇవతల ఉన్న ఒక మద్దిచెట్టు తేలింది. రెండో రోజు 5.12కి అదే చెట్టు మీద, సుమారు ఇరవై అడుగుల ఎత్తున కూసింది. తల వెనక్కి విరిచినప్పుడు తెల్లగొంతు, కంటి మీద నల్లపట్టీ, తోక కింద ఎరుపు మూడూ కనబడ్డాయి. తోక దాదాపు లేనట్టే. 5.50కి కిందికి దిగి ఆరు నిమిషాలు మేసింది. నడినెత్తి గీత కూడా అప్పుడే కనబడింది.

అవతలి ఒడ్డున బదులిచ్చేదాన్ని విడిగా విన్నాను. రెండుసార్లు పిట్టా ఈల, ఆ వెంటనే షిక్రా డేగ అరుపు, తర్వాత ఖంగుమనే కూత. వెదురు పైనుంచి లేస్తే తోక కొసన రెండు ఆకులు కనబడ్డాయి.

చంపావతి:

బాగుంది. చెక్‌లిస్టులో, అంటే ఆ రోజు కనబడిన పిట్టల పట్టికలో, పొన్నంకి పిట్ట 1, రాకెట్ తోక డ్రోంగో 1 అని రాయండి. మొదటి రోజు రాసిన లిస్టులో బదులు పలికినదాన్ని కూడా కలిపి 2 అని ఉంటే 1కి దిద్దండి, కింద కారణం రాయండి. చోటు దగ్గర పుణ్యగిరి అని చాలు, మద్దిచెట్టు ఆనవాళ్లు, మ్యాప్ పాయింటు ఆగస్టు దాటేదాకా ఎక్కడా పెట్టకండి, ఇక్కడ కూడా. ఆరు నిమిషాలు ఒకేచోట మేసి నోట్లో పురుగులు కూర్చుకుని మింగకుండా ఎగిరిపోయిందంటే దగ్గర్లో పిల్లలున్నట్టే. అలా కనబడితే ఆ చోటి నుంచి వెనక్కి జరగండి.

గోస్తనీ ఒడ్డు:

నోట్లో పురుగులు పట్టుకునే ఎగిరింది. లిస్టు దిద్దాను, ఆ ఒడ్డుకి ఇక ఆగస్టు దాకా వెళ్లను.